ఇంటి కంప్యూటరులోని డిస్కును మార్చుకొనుట

పూర్వము మన పెద్దలు భోషాణములో దాచిన వస్తువులలో సగము నేడు కంప్యూటరులో దాగియున్నవి. పెండ్లి ఫొటోలు, పొలము కాగితముల నకళ్లు, పిల్లల పరీక్షాపత్రములు, ఇంటిపన్ను రసీదులు, బ్యాంకి లెక్కలు, దూరదేశముననున్న కొడుకు పంపిన మనుమరాలి ఆటపాటలు, ఇవన్నియు ఆ నల్లని యినుపపెట్టెలోనే యున్నవి. భోషాణపు తాళపుచెవి యిల్లాలి కొంగున నుండెడిది. ఈ క్రొత్త భోషాణపు తాళపుచెవిని మాత్రము మనము వీధిచివరి మరమ్మతు దుకాణము వారి చేతిలో నుంచుచున్నాము. ఆ తాళపుచెవిని గూర్చియే మేమిందు ముచ్చటింపదలచితిమి.

ఆ పెట్టెను మనలో చాలమంది సి.పి.యు. అందురు. నిజమున కది పెట్టె పేరు కాదు; లోపల నొకచోట నిమిడియుండి లెక్కలుచేయు చిన్న పలక పేరు. సామానును దాచునది వేరు. దానిని డ్రైవు అనియు, డిస్కు అనియు పిలుతురు. అరచేతిలో నిముడు దిమ్మ అది. పెట్టెలోని తక్కిన భాగములు చెడినచో డబ్బుపెట్టి మరల కొనవచ్చును. దీనిలోపల నున్నది మాత్రము ఏ బజారునను దొరకదు.

మాకు తెలిసిన యొక యిల్లాలు తన కంప్యూటరు మిక్కిలి మెల్లగా నడచుచున్నదని కొన్ని యేండ్ల క్రిందట దానిని దుకాణమునకు పంపెను. మరునాడు పెట్టె తిరిగివచ్చెను, చురుకుగా నడచెను. డిస్కు మాత్రము తుడిచివేయబడియుండెను. ఆమె తండ్రి చనిపోవుటకు రెండేండ్లు ముందు మనుమలకు చెప్పిన కథలను ఆమె తానే రికార్డుచేసి యందు దాచుకొనియుండెను. వేరొకచోట నకలు లేదు. “కావలసిన వున్నవని ముందే చెప్పవద్దా అమ్మా?” యని దుకాణమువా డనెను. అతనిని నిందించి లాభము లేదు. మెల్లగా నడచుచున్నదను మాట యొక్కటియే యతని చెవికి చేరినది; మెల్లదనమున కతడెరిగిన మందు తుడిచివేయుటయే. లోపల నేమున్నదో యెరిగినవా రింటనుండిరి, పెట్టె విప్పినవారు బజారున నుండిరి. ఆ యిద్దరు నొక్కరే యైనచో ఆ వృద్ధుని కంఠము నేడును వినబడుచుండెడిది.

ఇంకొక సంగతియు కలదు. పెట్టెతోపాటు రహస్యపదమును గూడ చీటిమీద వ్రాసి పంపుట మన యిండ్లలో వాడుక యైనది. ఇంటి ఆడువారి ఫొటోలు, బ్యాంకి వివరములు నున్న పెట్టెను తెరచియిచ్చి, పరాయివారికడ రెండురోజు లుంచుచున్నామను తలంపు మనకు రాదు.

ఇక ఈ పని కష్టమా యని సోదరీమణు లడుగవచ్చును. కుట్టుమిషనులో బాబిను మార్చగల చేతికి, మిక్సీ గిన్నె అడుగు విప్పి శుభ్రముచేయగల చేతికి ఇది కష్టము కాదు. విప్పవలసిన స్క్రూలు ఆరో ఎనిమిదో. ఊడదీయవలసిన తీగలు రెండే. తొందర మాత్రము పనికిరాదు.

పని మొదలిడుటకు ముందు ఆ దిమ్మలో నేమి జరుగుచున్నదో తెలిసికొనుట మేలు. పాత తరహా హార్డుడిస్కు గ్రామఫోను వంటిది. లోపల అద్దమువలె మెరయు పళ్లెము లుండును. అవి నిమిషమునకు 5400 మార్లు గాని 7200 మార్లు గాని తిరుగుచుండును. వానిమీదుగ నొక సన్నని చేయి యిటునటు కదలుచు, అయస్కాంతపు గురుతులుగా వ్రాతను వ్రాయును, చదువును. గ్రామఫోను ముల్లు రికార్డును తాకును. ఇచ్చట చేతికొన పళ్లెమును తాకక గాలిపొరపై తేలుచుండును. ఆ యెడము తలవెండ్రుక మందములో వేయవవంతుకంటెను తక్కువ. మన కంటి కానని ధూళికణ మా సందున కొండవలె అడ్డుపడును. అందుచేతనే పని చేయుచున్న హార్డుడిస్కు మూతను ఇంటిలో నెన్నడును విప్పరాదు. నడచుచున్న పెట్టెను బల్లమీద నీడ్చుటయు, కాలితో తన్నుటయు (బల్లక్రింద నుంచిన పెట్టెలకు ఈ గతి నిత్యము పట్టుచున్నది) దానికి హాని చేయును.

ఈ యంత్రపు పుట్టుక చిత్రమైనది. 1956లో ఐ.బి.యం. కంపెనీ వారు తెచ్చిన మొదటి హార్డుడిస్కులో రెండేసి అడుగుల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. బరువు ఇంచుమించు టన్ను. అంతటి బీరువాలో పట్టినవి 50 లక్షల అక్షరములే. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దానిని నింపివేయును.

నేడు హార్డుడిస్కునకు బదులుగా వాడునది యస్.యస్.డి. ఇందు తిరుగు పళ్లెము లేదు, కదలు చేయి లేదు. అంతయు చిప్పులలో విద్యుత్తు రూపమున నిలిచియుండును. హార్డుడిస్కులో కోరిన చోటికి చేయి చేరి, పళ్లెము తిరిగివచ్చుసరికి సెకండులో నూరవవంతు పట్టును. అదియొక ఆలస్యమా యందురేమో! కంప్యూటరు మేలుకొనునపుడు వేలకొలది చిన్న తునకలను వెదకుకొనవలెను. నూరవవంతు లన్నియు కూడి నిమిషములగును. యస్.యస్.డి.కి ఈ వెదకులాట లేదు. ముసలిదైన కంప్యూటరునకు మందు లెన్నియో చెప్పుదురు గాని, హార్డుడిస్కు స్థానమున యస్.యస్.డి. నుంచుటకు మించిన మందు మాకు తెలియదు. క్రొత్త కంప్యూటరు వెలలో అది చిన్న భాగము మాత్రమే.

డిస్కు ముసలిదగుచున్నదని యెట్లు తెలియును? ఫొటో తెరచుటకు నిమిషము పట్టుట, నకలు చేయుచుండగా నడుమ నిలిచిపోవుట, లోనుండి టిక్కుటిక్కుమని చప్పుడగుట, ఇవి దాని మూలుగులు. అదియుగాక డిస్కు తన యారోగ్యపు చిట్టాను తానే వ్రాసికొనుచుండును. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అను ఉచిత ప్రోగ్రాము ఆ చిట్టాను చదివి చూపును. నీలిరంగు కనబడిన క్షేమము, పసుపు కనబడిన హెచ్చరిక, ఎరుపు కనబడిన అపాయము. టిక్కుటిక్కు చప్పుడు వినబడినపుడు పెట్టెను మరల మరల ఆర్పి వెలిగించి చూచుట మహాపరాధము. చేతికొన పళ్లెమును గీకుచున్న యెడల వెలిగించిన ప్రతిమారును గీత లోతగును. అట్టి స్థితిలో నకలులేని వస్తువు లందుండెనేని, వెంటనే ఆర్పివేసి, ధూళిలేని గదులలో డిస్కులను విప్పి వ్రాతను వెలికిదీయు నిపుణులకు చూపవలెను. దానికి వ్యయము హెచ్చు; ఫలితము నిశ్చయము కాదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యన నిదియే.

కావున మొదటి పని నకలు. వేరొక బయటి డిస్కును కొని, ముఖ్యమైన వన్నియు దానిలోనికి చేర్చి, చేర్చినవి తెరచుకొనుచున్నవో లేదో నాలుగైదు చోట్ల పరీక్షింపవలెను. పేరు కనబడినంత మాత్రమున ఫొటో యున్నదని నమ్మరాదు. డెస్కుటాపుమీదను, డౌన్‌లోడులను పేరుగల అరలోను పిల్లలు విడిచిన కాగితములను మరువరాదు. ఎక్కువగ పోగొట్టుకొనునవి అవియే. విండోస్ వాడువారు మరియొకటి చూడవలెను. కొన్ని కంప్యూటరులలో డిస్కు అంతయు బిట్‌లాకరు అను తాళముతో మూయబడియుండును. దానికి 48 అంకెల విడుదల సంఖ్య యొకటి యుండును. మార్పులు చేసిన పిదప కంప్యూటరు ఆ సంఖ్య నడుగవచ్చును. ముందుగనే దానిని కాగితముమీద వ్రాసి బీరువాలో పెట్టుకొనవలెను. కంప్యూటరులోనే దాచుట, తాళపుచెవిని పెట్టెలోనుంచి తాళము వేయుటయే యగును.

క్రొత్త డిస్కును కొనునపుడు మన పెట్టెలో నెట్టిది పట్టునో తెలియవలెను. పాత హార్డుడిస్కు వెడల్పు నాలుగంగుళములు; దానిని మూడున్నర యంగుళముల డిస్కందురు. (ఈ కొలత లెక్క మాకును వింతగనే యుండును.) సామాన్యమైన యస్.యస్.డి. రెండున్నర యంగుళముల తరగతిది, ఏడు మిల్లీమీటర్ల మందము. పెద్ద అరలో చిన్న డిస్కును బిగించుటకు చిన్న రేకు చట్ర మొకటి దొరకును. ఈ రెండును సాటా అను తీగతోనే కలియును. ఆ పద్ధతి 2003 ప్రాంతమున వచ్చినది. అంతకు పూర్వపు కంప్యూటరులలో చాపవంటి వెడల్పు తీగలుండును, వానికి ఈ డిస్కులు నేరుగా అతుకవు. ఇటీవలి మదరుబోర్డులపై యం.2 అను సందు గూడ నుండును. అందమరునది చూపుడువ్రేలంత పొడవుగల సన్నని పలక. ఆ పలకలలోను రెండు జాతులున్నవి: ఒకటి సాటా, రెండవది దానికంటె ఎన్నోరెట్లు వేగము గల యన్‌.వి.యం.ఇ. చూపునకు కవలలవలె నుండును గాని ఒకదాని సందులో రెండవది పనిచేయకపోవచ్చును. మదరుబోర్డు పుస్తకము చూడక కొనరాదు. కొన్ని బోర్డులలో యం.2 సందు నిండగనే సాటా సందులలో నొకటి రెండు మూగవోవును. ఆ సంగతియు పుస్తకములోనే యుండును.

కొనుటకు హైదరాబాదు ప్రాంతమువారికి సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ప్రసిద్ధము. ఎచ్చట కొన్నను సీలుచేసిన డబ్బీ, రసీదు, గ్యారంటీ యుండవలెను. అసాధ్యమైనంత చవుకగా పెద్ద కొలతలు చెప్పువారు కలరు. అట్టివి పెక్కు మార్లు నకిలీలు, నిండిన పిదప లోపలివానిని మ్రింగివేయును. కొలతనుగూర్చి మరియొక మాట. ఒక టెరాబైటు డిస్కు కొని పెట్టిన విండోస్ 931 అని చూపును. దుకాణమువాడు మోసగించెనని తగవునకు పోవలదు. అమ్మువారు వేలతో లెక్కింతురు, విండోస్ 1024లతో లెక్కించును. శేరు మారినది గాని ధాన్యము తగ్గలేదు.

పాతదానిలో నున్నదంతయు, విండోస్‌తో సహా, ఉన్న దున్నట్లు క్రొత్తదానిలోనికి దింపు పద్ధతి యొకటి కలదు. దానిని క్లోను చేయుట యందురు. క్లోనెజిల్లా వంటి ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేయును. క్రొత్తది పాతదానికంటె చిన్నది కాకుండుట మంచిది. డిస్కు జబ్బుపడి పసుపురంగు చూపుచున్నచో క్లోను వలదనియే మా సలహా. క్రొత్తదానిలో విండోస్ మొదటినుండి వేసికొని, నకలునుండి వస్తువులను చేర్చుకొనవలెను. విండోస్ అనుమతి సాధారణముగా మదరుబోర్డునకు ముడిపడియుండును గావున డిస్కు మారినంత మాత్రమున మరల కొనవలసిన పనియుండదు. విండోస్ 10కి సామాన్యముగా నిచ్చు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. కావున క్రొత్తగా వేసికొనువారు తమ యంత్రము విండోస్ 11కు తగునో, లేక లినక్సు మేలో అప్పుడే ఆలోచించుకొనవచ్చును.

ఇక విప్పుట. పగటివేళ, పిల్లలు బడికి పోయిన పిదప, శుభ్రమైన బల్లమీద పని పెట్టుకొనవలెను. పట్టుచీరయు నైలాను చీరయు వలదు. వాని రాపిడివలన శరీరమున విద్యుత్తు పుట్టి చిప్పులకు హాని చేయును. నూలుచీర మేలు. లోహపు గాజులు, వ్రేలాడు గొలుసులు తీసిపెట్టి, జడను ముడివేసికొనవలెను. కంప్యూటరును సక్రమముగా ఆర్పి, గోడనుండి ప్లగ్గును ఊడదీసి, తరువాత ముందరి బొత్తామును పది సెకండులు నొక్కిపట్టవలెను. లోపల మిగిలిన విద్యుత్తు దానితో చాలవరకు పోవును. విద్యుత్తు నందించు పవరుసప్లై డబ్బాను మాత్రము ఏ సమయమునను విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

వెనుకవైపున రెండు స్క్రూలు విప్పి, ఎడమప్రక్క రేకును వెనుకకు జరిపిన ఊడివచ్చును. లోపల దుమ్ము పేరుకొని యుండును; బల్లిగ్రుడ్లు కనబడినను కంగారుపడవలదు. మెత్తని బ్రష్షుతో దులుపవలెను, చీపురు వలదు. ఏదైన ముట్టుటకు ముందు పెట్టెలోని రంగువేయని యినుపభాగమును చేతితో తాకవలెను. నడుమ నడుమ మరల తాకుచుండవలెను. తరువాత ఫోనుతో లోపలి ఫొటోలు తీసికొనవలెను. ఏ తీగ యెచ్చటనుండి వచ్చెనో గంట తరువాత మనకు జ్ఞాపకముండదు, ఫొటోకు జ్ఞాపకముండును.

డిస్కు వెనుక రెండు తీగలుండును. సన్ననిది వ్రాతను మోయునది, ఏడు స్పర్శలు గలది. వెడల్పైనది విద్యుత్తు నిచ్చునది, పదునైదు గలది. రెండింటి నోరును ఎల్ అక్షరమువలె వంగియుండుటచే తలక్రిందుగ దూరవు. దూరనిచో బలము చూపక త్రిప్పి చూడవలెను. ఆ నోటిలోని ప్లాస్టికు నాలుక విరిగినచో క్రొత్త డిస్కు పాడైనట్లే. ఊడదీయునపుడు తీగను పట్టి లాగక, కొనలోని ప్లగ్గును పట్టి, దానిపై చిన్న యినుప కొక్కెమున్నచో దానిని నొక్కి, తిన్నగా లాగవలెను. తరువాత స్క్రూలు. కొన్ని పెట్టెలలో డిస్కునకు రెండువైపుల స్క్రూలుండుటచే కుడిప్రక్క రేకును గూడ తీయవలసివచ్చును. ఈ సంగతి తెలియక ఒకవైపు విప్పి, డిస్కు రాలేదని గుంజువారున్నారు.

స్క్రూలను పోపులపెట్టె గిన్నెలలో వేరువేరుగా నుంచుకొనవలెను. చూపునకొక్కటే యైనను హార్డుడిస్కు స్క్రూ మరలు వెడల్పు, యస్.యస్.డి. స్క్రూ మరలు సన్నము. దానిదానిలో వేసి బలవంతముగ త్రిప్పిన మరలు అరిగిపోవును. యం.2 పలకకైనచో ఒక్కటే స్క్రూ, గోరంత కూడ లేదు; అది క్రిందపడిన చీపురుతో వెదకుకొనవలసినదే. ఆ స్క్రూ విప్పగనే పలక తానే ఏటవాలుగా లేచును. ఆ వాలులోనే బయటికి లాగవలెను, క్రొత్తదానిని ఆ వాలులోనే దూర్చి, క్రిందికి వంచి బిగింపవలెను.

హార్డుడిస్కు వచ్చిన అరలో యస్.యస్.డి.ని చట్రముతో బిగించి, ఆ రెండు తీగలనే మరల తగిలింపవలెను. ఇచ్చట నొక పెద్ద హెచ్చరిక. విద్యుత్తు తీగ చాలలేదని, ఇంట పడియున్న మరియొక పవరుసప్లై తీగను తెచ్చి తగిలింపరాదు. డిస్కువైపు కొన యొకే తీరుననున్నను, సప్లైవైపు కొనలో వరుస కంపెనీకొక తీరున నుండును. వెలిగించిన క్షణముననే డిస్కు కాలిపోవును. ఒకమారు మాడిన చిప్పులనుండి వ్రాతను రాబట్టుట దుస్సాధ్యము. అట్లే పోతపోసినట్లుండు చవుక అతుకుతీగలు వేడెక్కి అంటుకొన్న సందర్భములు గలవు. వానిని మేము మెచ్చము.

క్లోను చేసియుంచినవారు మొదటిసారి వెలిగించునపుడు పాత డిస్కును కలుపకుండుట మంచిది. రెండును నొక్కమారు కలిపిన, ఏది అసలో యేది నకలో యంత్రమే తికమకపడవచ్చును. వెలిగించిన తరువాత తెర నల్లగానుండి “బూటు డిస్కు లేద”ను భావముగల ఆంగ్లవాక్యము కనబడినచో బెదరవలదు. చాలసార్లు కారణము తీగ వదులుగా నుండుటయే. ఆర్పి, ప్లగ్గు తీసి, నొక్కి చూడవలెను. అప్పటికిని రాకున్న, వెలిగించుచునే ఎఫ్2 గాని డిలీటు గాని నొక్కిన వచ్చు పట్టికలో క్రొత్త డిస్కును మొదటి వరుసకు తేవలెను. విండోస్ నడచుచు, రెండవదిగా పెట్టిన డిస్కు మాత్రము కనబడకపోయిన, అది చెడలేదు. దానికింకను గీతలు గీయలేదంతే. డిస్కు మేనేజిమెంటు అను చోటికి పోయి, జి.పి.టి. పద్ధతి నెన్నుకొని, అచ్చు వేయవలెను. పాత యం.బి.ఆర్‌. పద్ధతి రెండు టెరాబైట్లకు మించి చూడలేదు. ఇచ్చట మాత్రము చదివిచదివి నొక్కవలెను: నిండిన డిస్కుపేరు నెన్నుకొని అచ్చు వేయమంటిరా, దుకాణమువాడు చేసిన పనినే మనము చేసినవార మగుదుము.

యస్.యస్.డి. వచ్చినదని నకళ్లు మానరాదు. హార్డుడిస్కు మూలిగి మూలిగి పోవును, యస్.యస్.డి. తరచు ఒక్క మాటైన చెప్పక పోవును. అందు తుడిచివేసిన ఫొటోలను మరల వెలికిదీయుటయు అరుదు, ఏలయన ఖాళీయైన చోటులను అది తానే శుభ్రముచేసికొనుచుండును.

తీసిన పాత డిస్కును ఒక నెలవరకు మెత్తని గుడ్డలో చుట్టి బీరువాలో నుంచవలెను. మరచిన దేదో తప్పక జ్ఞాపకము వచ్చును. అది ఆరోగ్యముగనే యుండినచో, యు.యస్.బి. డబ్బా యొకటి కొని అందులో బిగించి రెండవ నకలుగ వాడుకొనవచ్చును. చెడినదైనచో పాతసామాన్లవాని తక్కెడలో వేయరాదు. ఫైళ్లను డిలీటు చేసినంత మాత్రమున పళ్లెముమీది గురుతులు పోవు. సంతలో కొన్నవాడు సులభముగ తిరిగి చదువగలడు. హార్డుడిస్కు నంతటిని సున్నలతో నింపి తుడుచు ప్రోగ్రాములున్నవి. రాత్రి మొదలిడిన తెల్లవారుసరికి చాలవరకు ముగియును. యస్.యస్.డి.కి కంపెనీవారిచ్చు ప్రోగ్రాములోని సెక్యూరు ఎరేజు తగినది. తరువాత అధికారముగల ఈ-వేస్టు సేకరణవారికీయవలెను. ఈ విషయమై మన దేశమున 2022లో చేసిన నియమములు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్నవి.

అసలు వెలుగనే వెలుగని హార్డుడిస్కును తుడుచుట సాధ్యము కాదు గావున దాని పళ్లెములను పాడుచేయవలెను. ఇది యొక్కటే మూత విప్పదగిన సందర్భము. దానికి నక్షత్రపు మొనగల స్క్రూడ్రైవరు కావలెను. కొన్ని డిస్కులలో, ముఖ్యముగా లాపుటాపులనుండి తీసిన చిన్నవానిలో, పళ్లెములు గాజువి. సుత్తితో కొట్టిన చిట్లి కంట పడును గావున మందపు గుడ్డలో చుట్టి కొట్టవలెను. లోపల చేయి కదలుచోట వంకీవలె వంగిన అయస్కాంతములు రెండుండును. అవి మిక్కిలి బలమైనవి. వంటింటిలో కత్తులను గోడకు నిలుపుట కక్కరకు వచ్చును గాని, రెండింటి నడుమ వ్రేలు చిక్కిన నెత్తురు చిందును. పసిపిల్లలకును, గుండెకు పేసుమేకరు పెట్టించుకొన్న పెద్దలకును దూరముగ నుంచవలెను.